నిజమా, వర్చువలా: అనిమే మీద కొన్ని అపోహలు - వాస్తవాలు

నా పని యానిమేషన్‌లో కంపోజిటింగ్. బొమ్మలు గీసేది ఒకరు, బ్యాక్‌గ్రౌండ్ వేసేది ఇంకొకరు. ఆ లేయర్లన్నీ ఒక ఫ్రేములోకి తెచ్చి వెలుగు, నీడ, రంగు కుదిర్చేది మేము. అందుకే నిజానికీ, వర్చువల్ అంటే కంప్యూటర్ సృష్టించే లోకానికీ మధ్య గీత చెరిగిపోయే అనిమేల (జపాన్ యానిమేషన్ సినిమాలు, సీరియళ్ల) గురించి ఎవరు మాట్లాడినా నా చెవి అటే పోతుంది. తరచూ వినబడే మాటలు ఇవి.

అపోహ: ఇదంతా హాలీవుడ్ సినిమా ‘మ్యాట్రిక్స్’ చూసి జపాన్ వాళ్లు ఎత్తుకున్నదే.

వాస్తవం: సంవత్సరాలు చూస్తే చాలు. మ్యాట్రిక్స్ వచ్చింది 1999లో, మమోరు ఒషీ తీసిన ‘ఘోస్ట్ ఇన్ ద షెల్’ 1995లో. దర్శకులు తనకు ఆ సినిమా చూపించి, ఇలాంటిది నటులతో తీస్తామన్నారని మ్యాట్రిక్స్ నిర్మాత జోయెల్ సిల్వరే చెప్పాడు. ఇంకా వెనక్కి వెళ్తే 1985లోనే ‘మెగాజోన్ 23’ ఉంది. అందులో హీరో టోక్యో అనుకుని బైక్ మీద తిరిగే ఊరు అసలు టోక్యోనే కాదు, అంతరిక్ష నౌకలో కంప్యూటర్ నడిపే నగరం (నలభై ఏళ్లయింది, స్పాయిలర్ అని తిట్టకండి).

అపోహ: భ్రమను చూపించాలంటే గ్లిచ్‌లు (తెర మీద బొమ్మ చెదిరి అదరడం), నియాన్ రంగులు, గ్రాఫిక్స్ దండిగా ఉండాలి.

వాస్తవం: దీని మీదే నాకు ఒళ్లు మంట, ఎందుకంటే క్లయింట్లు కూడా ఇదే అడుగుతారు, ‘కలలా ఉండాలండీ, కాస్త గ్లో వేయండి’ అని. గ్లో వేశామంటే ఇది కల అని చూసేవాళ్లకు మనమే చెప్పేసినట్టు, ఇక వాళ్లు మోసపోయేదేముంది? సతోషి కోన్ 1997లో ‘పర్ఫెక్ట్ బ్లూ’లో సరిగ్గా దీనికి ఎదురు దారిలో వెళ్లాడు. మిమా అనే పాప్ గాయని పాటలు మానేసి నటి అవుతుంది. ఇంటర్నెట్‌లో ‘మిమా గది’ అనే పేజీలో ఎవరో ఆమె పేరుతో డైరీ రాస్తుంటారు. మొదట నవ్వుకుంటుంది, తనకు తప్ప ఎవరికీ తెలియని సంగతులు కనబడేసరికి వణుకు పుడుతుంది. ఆమె ఉండే గది, షూటింగ్ సెట్టు, ఆమె భ్రమ, ఈ మూడూ ఒకే గీత, ఒకే రంగులు. ఒక సీన్ చివర ‘కట్’ అని వినిపించాక గానీ అది షూటింగని తెలియదు, ఇంకోసారి మంచం మీద కళ్లు తెరుస్తుంది, ఇలా రెండు మూడు సార్లు దెబ్బ తిన్నాక నిజంగా జరిగే సీన్‌ని కూడా మనం నమ్మం. మయసభలో దుర్యోధనుడి కథే అనుకోండి. ముందు నేలను నీళ్లనుకుని పంచె ఎత్తి పట్టాడు, తర్వాత నీళ్లను నేలనుకుని అందులో పడ్డాడు. ఆ వరస తారుమారైతే ఆట సాగదు, అందుకే ఇలాంటి సినిమాల్లో సగం పని మా దాకా రాకముందే స్టోరీబోర్డు (సీన్ల వరసను ముందే గీసుకునే బొమ్మలు) దగ్గర అయిపోతుంది.

రంగుతో కూడా చేయొచ్చు, కాదనను. 1998 నాటి ‘సీరియల్ ఎక్స్‌పెరిమెంట్స్ లెయిన్’లో వీధులు కళ్లు చెదిరేంత తెల్లగా, నీడల్లో ఎర్రటి మచ్చలతో, పైన కరెంటు తీగల రొదతో ఉంటాయి. అయితే ఆ వింతంతా ఉన్నది కథలోని కంప్యూటర్ నెట్‌వర్క్ లోపల కాదు, లెయిన్ అనే అమ్మాయి రోజూ బడికి నడిచే దారిలో. అంటే ముందు పాడుచేసింది వాస్తవాన్ని. అది చూసినప్పుడల్లా ఆ టీమ్‌ మీద నాకు అసూయే.

అపోహ: గేములో చిక్కుకుపోయే కథలు ‘స్వోర్డ్ ఆర్ట్ ఆన్‌లైన్’తోనే మొదలయ్యాయి, అందులో తలకు తగిలించుకునే హెడ్‌సెట్ కూడా వచ్చేసినట్టే.

వాస్తవం: ఆ సీరియల్ 2012లో వచ్చింది. గేము నుంచి లాగౌట్ కాలేని ఆటగాడి కథతో ‘డాట్ హ్యాక్ సైన్’ 2002లోనే ఉంది. ఇక హెడ్‌సెట్ సంగతంటారా, కథలోని నెర్వ్‌గేర్ మెదడు నుంచి ఒంటికి వెళ్లే సంకేతాలను మధ్యలోనే పట్టేస్తుంది. మనం కొనేవాటిలో కళ్ల ముందు తెర, చెవులకు శబ్దం, తల కదలికను పసిగట్టే సెన్సార్లు, అంతే. ఆడుతూ ఆడుతూ టీపాయ్‌కి మోకాలు కొట్టుకుంటే నొప్పి మాత్రం అసలైనదే.

అపోహ: ఇవన్నీ టెక్నాలజీ అంటే భయపెట్టే కథలు.

వాస్తవం: మిత్సువో ఇసో 2007లో తీసిన ‘డెన్నో కాయిల్’ చూడండి. కళ్లద్దాలు పెట్టుకుంటే ఊరి వీధుల మీదే వర్చువల్ వస్తువులు కనిపిస్తాయి, పిల్లలకు అది గోళీలాటంత మామూలు. ఫోన్ కెమెరాలో వీధుల మీద బొమ్మలు చూపించే గేము ‘పోకెమాన్ గో’కి 9 ఏళ్ల ముందు సంగతి ఇది. అందులో డెన్సుకే అనే పెంపుడు కుక్క ఉంటుంది, నిమిరితే చేతికి ఏమీ తగలదు, అయినా దాన్ని పెంచుకునే పిల్ల దానికోసం పడే ఆరాటంలో అబద్ధమేమీ లేదు. మమోరు హొసోదా ‘సమ్మర్ వార్స్’లోనైతే (2009) ఆన్‌లైన్ లోకం కుప్పకూలి ఊళ్లన్నీ అల్లకల్లోలమైతే, తొంభైకి దగ్గరపడ్డ బామ్మగారు పాత డయల్ ఫోన్ ముందేసుకుని తెలిసినవాళ్లందరికీ వరసపెట్టి ఫోన్లు చేసి ధైర్యం చెబుతుంది.

పిల్లలతో కూర్చుని చూడాలంటే ఈ రెండూ పెట్టండి. పర్ఫెక్ట్ బ్లూ మాత్రం వాళ్లు పడుకున్నాకే, అందులో హింస గట్టిగానే ఉంటుంది.