పెడల్ గట్టిగా ఉంటే బ్రేకు బాగున్నట్టేనా?

మా మేనల్లుడు ఒక పాత సెడాన్ కారును ట్రాక్ మీద నడపడానికి సిద్ధం చేస్తున్నాడు. వెనక సీట్లు, ఏసీ, లోపలి తొడుగులు అన్నీ తీసేశాడు. కారుతో పాటు వచ్చిన బ్రేకు పెడల్‌నూ, కాలికి సాయపడే బూస్టర్‌నూ కూడా విప్పి, వాటి స్థానంలో విడిగా కొన్న పెడల్ బాక్స్‌ను (పెడల్‌ను బిగించిన చట్రం), తొక్కినప్పుడు బ్రేకు ఆయిల్‌ను నెట్టే రెండు మాస్టర్ సిలిండర్లను బిగించాడు. పని ముగిసిన సాయంత్రం ములుగు రోడ్డులోని షెడ్డులో మేమంతా ఒకరి తరువాత ఒకరం పెడల్ తొక్కి చూశాం. "రాయిలా ఉంది మామయ్యా!" అన్నాడు వాడు. మెకానిక్ కూడా తల ఊపాడు. నాకూ అది మంచి బ్రేకనే అనిపించింది.

మర్నాడు ఉదయం ఇంకా ఇళ్లు లేవని వెంచర్ రోడ్డు మీద 40 కిలోమీటర్ల వేగంతో వెళ్లి తొక్కితే కారు మేమనుకున్న గుర్తు దాటి చాలా దూరం వెళ్లి ఆగింది. ఎక్కడా లీకు లేదు, పైపుల్లో గాలి లేదు, ప్యాడ్లు కొత్తవి. బిగింపులో తప్పేమీ లేదు. తప్పంతా సిలిండర్ కొనేటప్పుడు మేము వేసుకోని లెక్కలో ఉంది.

ఆ లెక్క కష్టమైనదేమీ కాదు. గడ్డపారతో బండరాయిని లేపినవారికి సగం తెలిసినట్టే. చేతిలో ఉన్న కొస మూరెడు కిందికి దిగితే రాయి బెత్తెడు లేస్తుంది. దూరం ఎంత వదులుకుంటే బలం అంత పెరుగుతుంది. బ్రేకు పెడల్ కూడా గడ్డపారే. పాదం ఆనే చోటు ఇరుసుకు దూరంగా, సిలిండర్‌ను నెట్టే కడ్డీ దగ్గరగా ఉంటాయి. ఈ రెండు దూరాల నిష్పత్తి 5 అయితే 30 కిలోల తొక్కుడు 150 కిలోలవుతుంది.

అక్కడి నుంచి చక్రం దగ్గరి ప్యాడ్లను డిస్క్‌కు నొక్కే పని బ్రేకు ఆయిల్‌ది. మూసి ఉన్న ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ పీడనం అన్ని వైపులకూ సమానంగా పాకుతుందని 17వ శతాబ్దంలో బ్లేజ్ పాస్కల్ చెప్పాడు. పీడనమంటే బలాన్ని వైశాల్యంతో భాగించగా వచ్చేది. కాబట్టి అదే బలంతో సన్నని సిలిండర్‌లో ఎక్కువ పీడనం, లావు సిలిండర్‌లో తక్కువ పీడనం పుడుతుంది. పెడల్ నుంచి వచ్చిన 150 కిలోలు రెండు సిలిండర్లకు సగం సగం పంచుకుంటే ఒక్కోదానికి 75 కిలోలు. సిలిండర్ వ్యాసం 15.9 మిల్లీమీటర్లయితే దాదాపు 37 బార్ పీడనం వస్తుంది (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి పీడనమంత). 19 మిల్లీమీటర్లయితే 26 బార్ మాత్రమే. వ్యాసంలో తేడా మూడు మిల్లీమీటర్ల పైచిలుకే అయినా, వైశాల్యం వ్యాసపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక ఫలితం ఇంత మారిపోతుంది.

మేము కొన్నది 19 మిల్లీమీటర్లది. లావు సిలిండర్ కొద్దిగా కదిలినా ఎక్కువ ఆయిల్‌ను నెడుతుంది. అందుకే పెడల్ అంగుళం కూడా దిగకుండానే గట్టిపడుతుంది. షెడ్డులో నిలబడి తొక్కేవారికి ఆ గట్టిదనం ఒక భరోసాలా అనిపిస్తుంది. నిజానికి పాదానికి తెలిసిన గట్టిదనం వేరు, డిస్క్‌ను పట్టిన బలం వేరు. ఈ ఒక్క తేడా తెలియకనే ఎంతోమంది మంచి సామాను కొని కూడా చెడ్డ బ్రేకులు తయారు చేసుకుంటున్నారని నా గట్టి నమ్మకం.

తీసేసిన బూస్టర్ మాటేమిటి? ఇంజన్ పీల్చే శూన్యాన్ని వాడుకుని అది మన కాలికి సాయపడుతుంది. 20 సెంటీమీటర్ల వ్యాసమున్న బూస్టర్ పొర మీద బయటి గాలి 200 కిలోలకు పైగా బలంతో నెట్టగలదు. దాన్ని తీసేశామంటే ఆ బలాన్ని పెడల్ నిష్పత్తి నుంచో, సిలిండర్ సైజు నుంచో, కాలి నుంచో తిరిగి రాబట్టాలి. మా కారుకు లెక్క వేసి చూశాను. డ్రైవర్‌తో కలిపి 900 కిలోల బరువు, మంచి టైర్లు, గట్టి బ్రేకు. 15.9 సిలిండర్‌తో పాదం దాదాపు 50 కిలోల బలంతో తొక్కాలి. 19 సిలిండర్‌తో అదే పనికి 70 కిలోలు కావాలి. ఆ బలమెంతో తెలియాలంటే, ముల్లు తిరిగే బరువు యంత్రాన్ని గోడకు ఆనించి, కుర్చీలో కూర్చుని ఒక్క కాలితో నెట్టి చూడండి. 50 కిలోలు వస్తాయి. 70 కిలోలు ఒకసారి వస్తాయి, ప్రతి మలుపులోనూ వరసగా అరగంట పాటు రావు.

బలం దొరికాక దాన్ని ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ ఎలా పంచాలన్నది నాకు మరింత ఇష్టమైన భాగం. బస్సు డ్రైవర్ బ్రేకు వేస్తే నిలబడినవాళ్లంతా ముందుకు తూలుతారు కదా, కారు బరువు కూడా అలాగే ముందుకు ఒరుగుతుంది. నిలిచి ఉన్నప్పుడు మా కారు ముందు చక్రాల మీద 540 కిలోలు, వెనక 360 కిలోలు ఉంటాయి. గట్టిగా బ్రేకు పడగానే ముందు 700 దాటుతుంది, వెనక 200 కూడా మిగలదు. అంత తేలికైన వెనక చక్రానికి ఎక్కువ బ్రేకు ఇస్తే అది తిరగడం మాని జారుతుంది. జారే టైరుకు పక్కకు పట్టు ఉండదు, కారు బొంగరంలా తిరుగుతుంది. అందుకే ముందు చక్రాలే కాస్త ముందుగా పట్టేలా అమర్చాలి.

ఈ పంపకం కోసమే పెడల్ బాక్స్‌లో బ్యాలెన్స్ బార్ ఉంటుంది. రెండు సిలిండర్ల కడ్డీలను కలిపే అడ్డకడ్డీ అది. దాన్ని పెడల్ నెట్టే బిందువు ఏ కడ్డీకి దగ్గరగా జరిగితే ఆ సిలిండర్‌కు ఎక్కువ వాటా. కావడి మోసేవాడి భుజం బరువైన కుండ వైపు జరిగినట్టే ఇదీ. అయితే ఈ బార్ ఇటూ అటూ స్వేచ్ఛగా ఒరగాలి. నట్లను పూర్తిగా బిగిస్తే పట్టేస్తుంది, పంపకం తలకిందులవుతుంది. పైపుల్లో గాలి తీసేటప్పుడు కూడా ముందు చక్రానిది ఒకటి, వెనక చక్రానిది ఒకటి కలిపి విప్పాలి. ఒక్కదాన్నే విప్పితే బార్ ఒకవైపుకు ఒరిగిపోయి, సిలిండర్ పూర్తిగా కదలదు, గాలి లోపలే మిగిలిపోతుంది.

ఇక పెడల్ బాక్స్‌ను బిగించే రేకు సంగతి. విద్యార్థులు కట్టే ఫార్ములా కార్ల పోటీల్లో బ్రేకు పెడల్ 2000 న్యూటన్ల బలాన్ని, అంటే 200 కిలోలకు పైగా, తట్టుకోవాలన్న నియమం ఉంది. భయపడిన మనిషి కాలు ఎంత బలంగా తొక్కుతుందో ఆ అంకె చెబుతుంది. నిష్పత్తి 5 అయితే సిలిండర్లు బిగించిన చోట టన్ను బలం పడుతుంది. పల్చని రేకుకు రంధ్రం చేసి బోల్టు వేస్తే ఆ రేకు వంగుతుంది, తొక్కినదంతా రేకును వంచడానికే పోతుంది. మేము వెనక మందపాటి ఇనుప పలక పెట్టి వెల్డింగ్ చేయించాం.

వేడి గురించీ చెప్పాలి. 120 కిలోమీటర్ల వేగం నుంచి 900 కిలోల కారును ఆపితే సుమారు 500 కిలోజౌళ్ల శక్తి వేడిగా మారుతుంది. లీటరున్నర నీళ్లను మరుగుకు తేవడానికి చాలినంత వేడి, నాలుగు సెకన్లలో. డాట్ 4 రకం ఆయిల్ కొత్తదైతే కనీసం 230 డిగ్రీల వరకు మరగదు. కానీ అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తగినంత నీరు చేరాక ఆ హద్దు 155 డిగ్రీలకు దిగవచ్చు. ఆయిల్ మరిగితే బుడగలు వస్తాయి, బుడగ నొక్కుకుపోతుంది, పెడల్ నేలకు తగులుతుంది. మన దగ్గర వానాకాలం గడిచిన ఆయిల్‌తో ట్రాక్ మీదికి వెళ్లకూడదు.

కాజీపేట జంక్షన్‌లో ఆగిన రైలు బ్రేకులు ఇందుకు పూర్తిగా భిన్నం. వాటి పైపులో చదరపు సెంటీమీటరుకు 5 కిలోల పీడనంతో గాలి నిండి ఉన్నంతసేపూ బ్రేకులు వదిలి ఉంటాయి, పైపు తెగితే వాటంతట అవే పడతాయి. కారులో పైపు తెగితే బ్రేకు పోతుంది. ముందుకూ వెనక్కూ వేరువేరు సిలిండర్లు పెట్టడం ఆ భయం కోసం కూడా, ఒకటి పోయినా రెండోది మిగలాలని.

సొంతంగా ఇలా మార్చిన కారును రోడ్డు మీద తిప్పడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. మా వాడి కారు చెన్నై ట్రాక్‌కు లారీ మీదే వెళుతుంది. 15.9 సిలిండర్లు బిగించాక పెడల్ ఇదివరకటి కంటే కొంత లోతుకు దిగుతోంది, మెత్తగా అనిపిస్తోంది. వెంచర్ రోడ్డు మీద మళ్లీ అదే సున్నపు గుర్తు గీసి, అదే 40 వేగంతో వచ్చి తొక్కాడు. ముందు చక్రాలు గుర్తుకు రెండడుగుల ఇవతలే నిలిచాయి. ఆ మధ్యాహ్నం వాన పడింది. తడి రోడ్డు మీద కారు అంత గట్టిగా ఆగదు కాబట్టి బరువూ అంతగా ముందుకు ఒరగదు. వెనక చక్రాలకు వాటా కొద్దిగా పెంచవచ్చని చెప్పాను. వాడు బార్‌ను ఒక చుట్టు తిప్పి, ఎన్ని చుట్లో నోటుబుక్కులో రాసుకున్నాడు.