కొనడానికి 50 పౌండ్లు, ఇంట్లో ఉంచడానికి 20: అమెరికాలో తుపాకి మందు నిల్వ నియమాల నేపథ్యం

గొట్టం మూతి వైపు నుంచి మందు దట్టించి కాల్చే పాతకాలపు తుపాకులను సరదాకు వాడేవారు అమెరికాలో నేటికీ పెద్ద సంఖ్యలో ఉన్నారు. వారిలో వేటగాళ్లూ, గురి పోటీల్లో పాల్గొనేవారూ, అంతర్యుద్ధం నాటి పోరాటాలను వేషధారణతో తిరిగి ప్రదర్శించేవారూ ఉన్నారు. ఆ తుపాకులకు కావలసిన మందును ఇంట్లో ఎంత వరకు ఉంచుకోవచ్చని అడిగితే కొందరు 50 పౌండ్లని, కొందరు 20 పౌండ్లని చెబుతారు. రెండు అంకెలూ నిజమైనవే. అయితే మొదటిది నేరాలను అరికట్టడానికి చేసిన ఫెడరల్ చట్టం నుంచి, రెండవది ఊరు తగలబడకుండా చూసే అగ్నిమాపక నియమావళి నుంచి వచ్చాయి. ఈ రెండింటి చరిత్ర వేరు, ఉద్దేశం వేరు. ఆ తేడా తెలియనందువల్లే చట్టాన్ని పాటిస్తున్నామనుకుంటూ దాన్ని దాటేవారు కనిపిస్తారు.

ముందుగా పేరు గురించి ఒక మాట చెప్పుకోవాలి. ఇంగ్లీషులో బ్లాక్ పౌడర్ అనే ఈ పదార్థాన్ని మాటకు మాటగా తెలుగులోకి తెస్తే నల్లమందు అవుతుంది, అది మనకు అక్షరాలా వేరే సరుకు. సూరేకారం, గంధకం, బొగ్గు కలిపి చేసే దీనికి తుపాకి మందు అన్న పాత మాటే సరిపోతుంది. నేటి తూటాల్లో ఉండే పొగరాని మందు దీనికి భిన్నమైనది. పొగరాని మందు ఆరుబయట కుప్పగా ఉన్నప్పుడు అంటుకుంటే సాధారణంగా మండి ఊరుకుంటుంది. తుపాకి మందు మాత్రం చిన్న నిప్పురవ్వ తగిలినా రెప్పపాటులో మొత్తం అంటుకుంటుంది. అందుకే దీని నిల్వ విషయంలో చట్టం మొదటి నుంచీ ఎక్కువ పట్టింపు చూపింది.

వలస రాజ్యాల కాలంలోనూ, స్వాతంత్ర్యం వచ్చిన తొలి ఏళ్లలోనూ అమెరికా పట్టణాలు చాలావరకు చెక్క ఇళ్లతో కిక్కిరిసి ఉండేవి. ఏ ఇంట్లో నిప్పు లేచినా ఇరుగుపొరుగు బకెట్లతో పరుగెత్తుకు వచ్చి ఆర్పవలసిందే. మంటల్లో ఉన్న ఇంట్లో మందు ఎంత ఉందో, ఎక్కడ ఉందో తెలియకపోతే ఆర్పడానికి వచ్చినవారి ప్రాణాలకే ముప్పు. బోస్టన్ పట్టణం కోసం మసాచుసెట్స్ 1783లో చేసిన చట్టం సరిగ్గా ఈ కారణాన్నే చూపి, మందు దట్టించిన ఆయుధాలను ఇళ్లలో పెట్టడాన్ని నిషేధించింది. ఆయుధం ఎవరి చేతిలో ఉండాలన్న చర్చకు అందులో చోటు లేదు, ఆర్పేవారి క్షేమమే అక్కడి విషయం.

న్యూయార్క్ 1784లో ఇంకొంచెం వివరంగా వెళ్లింది. నగరంలో ఎవరి దగ్గరైనా 28 పౌండ్లకు మించి మందు ఉండకూడదు, ఆ 28 పౌండ్లు కూడా ఒకే పాత్రలో ఉండకూడదు. ఒక్కొక్కటి 7 పౌండ్లకు మించకుండా నాలుగు రాతి కూజాల్లోనో రేకు డబ్బాల్లోనో విడదీసి పెట్టాలి. పెన్సిల్వేనియాలోని కొన్ని పట్టణాలు మందును ఇంటి పై అంతస్తులోనే ఉంచాలన్నాయి. పొయ్యికీ, జనం మసలే గదులకూ దూరంగా ఉండటం, పేలితే ఆ దెబ్బ కప్పును లేపుకుని పైకి పోవడం ఆ ఏర్పాటులోని సౌలభ్యాలు. ఎంత, ఏ పాత్రలో, ఇంట్లో ఏ చోట అన్న మూడు ప్రశ్నలూ అప్పుడే స్థిరపడ్డాయి. తరువాత అంకెలు మారాయి తప్ప ప్రశ్నలు మారలేదు.

పరిమితికి మించిన మందును ఊరికి దూరంగా కట్టిన ఉమ్మడి మందు కొట్టులో అప్పగించడం మరొక మార్గం. బోస్టన్ సమీపంలో ఇప్పుడు సోమర్‌విల్ అనే ఊళ్లో నిలిచి ఉన్న రాతి బురుజు అలాంటిదే. మొదట గాలిమరగా కట్టిన ఆ బురుజును 1747లో వలస ప్రభుత్వం కొని మందు కొట్టుగా మార్చింది. భద్రత కోసం ఒకే చోట చేర్చిన మందును ఒకే దెబ్బలో పట్టుకుపోవచ్చన్న సంగతి 1774 సెప్టెంబరు 1న అందరికీ తెలిసివచ్చింది. ఆనాడు బ్రిటిష్ గవర్నర్, సేనాధిపతి గేజ్ పంపిన సైనికులు ఆ కొట్టులోని మందును తరలించుకుపోగా, చుట్టుపక్కల ఊళ్ల నుంచి వేలాది మంది ఆయుధాలతో కదిలారు. మందును ఊరి కొట్టులో పెట్టాలా, ఎవరి ఇంట్లో వారు పెట్టుకోవాలా అన్న ప్రశ్నకు రాజకీయపు రంగు అంటడానికి ఇలాంటి సంఘటనలే కారణం. అయినా స్వాతంత్ర్యం తరువాత పట్టణాలు తమ పరిమితులను వదులుకోలేదు. 1827లో బ్రౌన్ వర్సెస్ మేరీలాండ్ కేసులో సుప్రీం కోర్టు ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ తుపాకి మందును తరలించాలని ఆదేశించే అధికారం రాష్ట్రాలకు ఉండే పోలీసు అధికారంలో, అంటే ప్రజల క్షేమం కోసం నియమాలు చేసే అధికారంలో భాగమేనని, అది రాష్ట్రాల చేతిలోనే ఉండాలని స్పష్టం చేశారు. ఇంటి నిల్వ నియమాలు నేటికీ ఎక్కువగా రాష్ట్ర, స్థానిక స్థాయిలోనే ఉండటానికి మూలం ఈ అవగాహనే.

తయారీదారులు తమ అనుభవంతో నేర్చుకున్నది మరొకటి ఉంది. డెలవేర్‌లో బ్రాండీవైన్ వాగు ఒడ్డున 1802లో మొదలైన డ్యూపాంట్ మిల్లుల్లో మందు నూరే గదులకు మూడు వైపులా మందమైన రాతి గోడలు కట్టి, వాగు వైపూ పైకప్పూ మాత్రం తేలికైన చెక్కతో వేసేవారు. పేలుడును ఆపడం సాధ్యం కాదు కాబట్టి, అది ఎటు పోవాలో ముందే నిర్ణయించడం ఆ కట్టడంలోని తెలివి.

1884లో ఫ్రాన్స్‌లో పొగరాని మందు వచ్చాక తుపాకి మందు తుపాకుల నుంచి క్రమంగా తప్పుకుంది. అది మళ్లీ ఇళ్లలోకి వచ్చింది వినోదంగా. మూతి నుంచి మందు దట్టించే తుపాకుల జాతీయ సంఘం 1933లో ఏర్పడింది, ఇండియానాలోని ఫ్రెండ్‌షిప్ అనే చిన్న ఊరు దానికి కేంద్రమైంది. అంతర్యుద్ధ కాలపు ఆయుధాలతో పోటీలు జరిపే నార్త్ సౌత్ స్కర్మిష్ అసోసియేషన్ 1950లో మొదలైంది. వీరిని దృష్టిలో పెట్టుకుని అప్పటికి ఫెడరల్ చట్టమేదీ రాలేదు.

అది 1970లో వచ్చింది, అదీ వీరి కోసం కాదు. దేశంలో వరుసగా బాంబు పేలుళ్లు జరుగుతున్న ఆ ఏడాది అక్టోబరులో అధ్యక్షుడు నిక్సన్ సంతకం చేసిన వ్యవస్థీకృత నేరాల నియంత్రణ చట్టంలో పేలుడు పదార్థాలకు ఒక ప్రత్యేక భాగం కేటాయించారు. ఆ ఏడాది మార్చిలో న్యూయార్క్ గ్రీనిచ్ విలేజ్ ఇంట్లో పేలింది డైనమైట్, ఆగస్టులో మాడిసన్ విశ్వవిద్యాలయ భవనాన్ని తీవ్రంగా దెబ్బతీసింది ఎరువుతో చేసిన బాంబు. రెండింటిలోనూ తుపాకి మందు పాత్ర లేదు, కానీ అది పేలుడు పదార్థమే కాబట్టి చట్టం పరిధిలోకి వచ్చింది, మినహాయింపు 5 పౌండ్ల వరకే దొరికింది. ఫిరంగులు కాల్చి చూపే బృందాలకు ఇది ఒక రోజు ప్రదర్శనకు కూడా చాలదు. దేశ ద్విశతాబ్ది ఉత్సవాల ముంగిట, 1975 జనవరిలో అధ్యక్షుడు ఫోర్డ్ సంతకంతో ఆ మినహాయింపు 50 పౌండ్లకు పెరిగింది.

పెంచిన అంకెకు తగిలించిన షరతులను చాలామంది చదవరు. ఆ మందు వాణిజ్యపరంగా తయారైనదై ఉండాలి, అంటే ఇంట్లో చేసుకున్నదానికి మినహాయింపు లేదు. దాన్ని క్రీడ, వినోద, సాంస్కృతిక ప్రయోజనాలకే, అదీ పురాతన ఆయుధాల్లోనే వాడాలి. పురాతనం అంటే స్థూలంగా 1898లో గానీ అంతకు ముందు గానీ తయారైనవీ, వాటికి నకళ్లూ. అదే డబ్బాలోని మందును బాణసంచాకో మరో పనికో వాడదలచుకుంటే మినహాయింపు వర్తించదు. 2002 నాటి సురక్షిత పేలుడు పదార్థాల చట్టం తరువాత, మినహాయింపు లేని పేలుడు పదార్థం అందుకోవాలంటే లైసెన్సో పర్మిటో తప్పనిసరి కావడంతో ఈ షరతుల బరువు పెరిగింది. బోస్టన్ మారథాన్ పేలుళ్ల తరువాత 2013లో సెనేటర్ ఫ్రాంక్ లాటెన్‌బర్గ్ ఈ మినహాయింపును బిగించే బిల్లు తెచ్చినా అది చట్టం కాలేదు.

ఈ ఫెడరల్ మినహాయింపు ఇంట్లో మందును ఏ గదిలో, ఏ పెట్టెలో పెట్టాలో చెప్పదు. ఆ పని జాతీయ అగ్నిమాపక రక్షణ సంఘం వారి 495వ ప్రమాణం వంటి నమూనా నియమావళులది. వాటిని రాష్ట్రాలూ నగరాలూ తమ చట్టంగా స్వీకరిస్తాయి, కొన్నిచోట్ల ఇంకా కఠినం చేస్తాయి. ఆ ప్రమాణం ప్రకారం సొంత వాడకానికి ఇంట్లో ఉంచదగిన తుపాకి మందు 20 పౌండ్లు, అంటే సుమారు 9 కిలోలు. అది కొన్నప్పటి అసలు డబ్బాల్లోనే ఉండాలి, ఆ డబ్బాలు కనీసం అంగుళం మందం గల చెక్క పెట్టెలోనో బీరువాలోనో ఉండాలి. అంతర్జాతీయ అగ్నిమాపక నియమావళి ఈ వెసులుబాటును ఒకటి రెండు కుటుంబాలు ఉండే ఇళ్ల వంటి వాటికే పరిమితం చేసింది. అపార్ట్‌మెంట్లలో ఉండే మన తెలుగువారిలో ఎవరికైనా ఈ సరదా ఉంటే ముందుగా గమనించవలసినది ఇదే.

చెక్క పెట్టె అనగానే చాలామందికి అనుమానం వస్తుంది, ఇనుప సేఫ్ ఉండగా చెక్క ఎందుకని. ఇనుప సేఫ్ దొంగల నుంచి కాపాడుతుంది గానీ, లోపల మందు అంటుకుంటే పుట్టే వాయువులకు దారి ఇవ్వదు. ఒత్తిడి పెరిగి పెరిగి చివరకు సేఫే బాంబు అవుతుంది. మందమైన చెక్క మంట వేడిని కొంతసేపు లోపలికి పోనివ్వదు, నిప్పురవ్వలు రాల్చదు, లోపల అంటుకుంటే తేలికగా విడిపోతుంది. బ్రాండీవైన్ ఒడ్డున చెక్క గోడ వేసినవారి ఆలోచనే ఇంటి మూలన ఉన్న పెట్టెలోకి వచ్చింది. పెట్టెకు తాళం వేసి పిల్లలకు అందకుండా పెట్టడం, హీటరుకూ పొయ్యికీ దూరంగా ఉంచడం, తుపాకి నింపేటప్పుడు డబ్బాను తెరిచి పక్కన పెట్టకపోవడం అలవాటుగా జరగాలి.

అసలు డబ్బా అన్న షరతుకు కూడా చరిత్ర ఉంది. రవాణా నియమాలు తుపాకి మందును అధిక ప్రమాదపు పేలుడు పదార్థంగా లెక్కిస్తాయి. చిన్న ఆయుధాల కోసం పౌండుకు మించని డబ్బాల్లో, ఒక్కో పెట్టెకు 25 డబ్బాలకు మించకుండా కట్టి పంపితే మాత్రం దాన్ని మండే ఘన పదార్థంగా పరిగణిస్తాయి. న్యూయార్క్ 7 పౌండ్ల కూజా ఇలా ఒక పౌండు డబ్బాగా కుంచించుకుపోయింది. మందును పెద్ద సీసాలోకి ఒంపుకున్నవాడు ఆ రక్షణను తన చేతులతోనే తీసేసినట్లు.

ఇంట్లో ఆయుధం ఉంచుకునే హక్కుపై 2008లో వచ్చిన హెల్లర్ కేసు తీర్పులో సుప్రీం కోర్టు ఈ పాత మందు చట్టాలన్నింటినీ మళ్లీ బయటికి తీసింది. ఇంట్లో ఆయుధాలపై ఆంక్షలు కొత్తవి కావనడానికి జస్టిస్ బ్రెయర్ వాటిని చూపగా, అవి అదనపు మందును ప్రత్యేక పాత్రలోనో పై అంతస్తులోనో పెట్టమన్నవే తప్ప ఆయుధాన్ని నిరుపయోగం చేయమన్నవి కావని జస్టిస్ స్కాలియా బదులిచ్చారు. చరిత్రగా చూస్తే ఆ చట్టాలు రాసినవారి మనసులో ఎక్కువగా ఉన్నది నిప్పేనని నాకు అనిపిస్తుంది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వస్తే, ప్రమాదకర సరుకు రవాణా రుసుము ఎక్కువ కాబట్టి కొనేవారు తరచు 25 డబ్బాల పెట్టెను ఒకేసారి తెప్పించుకుంటారు. ఫెడరల్ చట్టం దృష్టిలో అది మినహాయింపులో సగమే. 20 పౌండ్ల నియమం అమలులో ఉన్న ఊళ్లో ఆ పెట్టెను యథాతథంగా ఇంట్లోకి తెచ్చిన క్షణానే నిల్వ పరిమితి కంటే 5 పౌండ్లు ఎక్కువవుతుంది. అందుకే తెలిసినవారు ఇద్దరు ముగ్గురు కలిసి తెప్పించుకుని, సీలు విప్పని డబ్బాలనే పంచుకుని ఎవరి చెక్క పెట్టెలో వారు పెట్టుకుంటారు.