బాక్టీరియా బాటిల్ పోశాక నీళ్లు మార్చొద్దా? చేపల ట్యాంక్ ఫిల్టర్ మీద అపోహలు - వాస్తవాలు

దసరాకు ఇల్లు దులిపేటప్పుడు మనవాళ్లు చేపల ట్యాంక్‌ను కూడా వదలరు. ఫిల్టర్ విప్పి స్పాంజీలు, సిరామిక్ రింగులు నల్లా కింద పెట్టి తెల్లగా అయ్యేదాకా రుద్దుతారు, అడుగున ఉన్న రాళ్లు తీసి ఎండలో ఆరబెడతారు, మొత్తం కొత్త నీళ్లు పోసి చేపల్ని మళ్లీ అందులో వేస్తారు. రెండు మూడు రోజులకు చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. ఎవరో చెబితే బాక్టీరియా బాటిల్ (చేపలు వదిలే అమోనియా అనే విషాన్ని తినే బాక్టీరియా నింపి అమ్మే సీసా) కొనుక్కొచ్చి పోస్తారు. ఆ తర్వాత నాకు ఫోన్ వస్తుంది. "అన్నా, బాటిల్ పోసినం, అయినా చేపలు సస్తున్నయ్." నీళ్లు మార్చారా అని అడిగితే "లేదన్నా, మారిస్తే బాక్టీరియా పోతది గదా, ముట్టుకోలే" అంటారు.

హన్మకొండలో ట్యాంకులు అమ్మడం, ఇళ్లకూ క్లినిక్‌లకూ వెళ్లి వాటి బాగోగులు చూడడం నా పని. ఈ ఒక్క మాట వల్ల చచ్చినన్ని చేపలు జబ్బుల వల్ల కూడా చచ్చి ఉండవు. అందుకే మిగతా అపోహల్ని తొందరగా ముగించి, దీని గురించి మాత్రం వివరంగా రాస్తాను.

అపోహ: బాటిల్ పోశాక నీళ్లు మారిస్తే బాక్టీరియా కొట్టుకుపోతుంది.

వాస్తవం: మనకు కావాల్సిన నైట్రిఫైయింగ్ బాక్టీరియా (అమోనియాను ముందు నైట్రైట్‌గా, తర్వాత అంత హాని లేని నైట్రేట్‌గా మార్చేది) నీళ్లలో ఈదుతూ బతికే రకం కాదు. స్పాంజీకి, రింగులకు, రాళ్లకు, అద్దానికి జిగురు పొరలా అంటుకుని అక్కడే పెరుగుతుంది. మామూలుగా నడుస్తున్న ట్యాంకులో నీళ్లలో తేలే బాక్టీరియా లెక్కలోకి రానంత తక్కువ. బాటిల్ పోసిన మొదటి కొన్ని గంటలు మాత్రం అది నీళ్లలోనే తిరుగుతుంది, నిజమే. దానికి చేయాల్సింది ఏంటంటే, ముందు సగం నీళ్లు మార్చండి, క్లోరిన్ లేకుండా చూసుకోండి, తర్వాత బాటిల్‌ను ట్యాంకులో ఎక్కడ పడితే అక్కడ కాకుండా నేరుగా ఫిల్టర్ స్పాంజీ మీద పోయండి, క్రిముల్ని చంపే యూవీ లైట్ ఉంటే రెండు రోజులు ఆపండి. మరుసటి రోజు మళ్లీ నీళ్లు మార్చినా మీకు పోయేదేమీ లేదు. పోయినా బాటిల్‌లో కొంత భాగమే పోతుంది, చేప పోతే తిరిగి రాదు.

దీని వెనకాల ఇంకో అపోహ దాక్కుని ఉంటుంది. నీళ్లు మారిస్తే అమోనియా పోతుంది, అమోనియా పోతే బాక్టీరియాకు తిండి ఉండదు అని. వీడియోలు చూసి బాగా చదువుకున్నవాళ్లు కూడా ఇదే చెబుతారు నాకు. చేప మొప్పల నుంచి పగలూ రాత్రీ అమోనియా వదులుతూనే ఉంటుంది. మీరు నీళ్లు మార్చి బకెట్ పక్కన పెట్టేలోపే మళ్లీ మొదలవుతుంది. బాక్టీరియా పెరగడానికి టెస్ట్ కిట్‌లో అమోనియా ఎక్కువని చూపే ముదురు ఆకుపచ్చ రంగు రావాల్సిన అవసరం లేదు, 0.25, 0.5 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) దగ్గర ఉన్నా హాయిగా పెరుగుతుంది. చేపలు లేకుండా ఖాళీ ట్యాంకును సైకిల్ చేసేటప్పుడు, అంటే ఫిల్టర్‌లో బాక్టీరియాను పెంచేటప్పుడు, 2 పీపీఎం అమోనియా పెట్టండి అని చెప్పే సలహాను తెచ్చి చేపలున్న ట్యాంకుకు అంటించారు, అక్కడే వచ్చింది తిప్పలంతా.

బాటిల్ అంటే పొలంలో వేసే నారు లాంటిది. నాటు వేసిన రోజు మడి పచ్చగానే కనిపిస్తుంది కానీ వేరు పట్టుకోవడానికి రోజులు కావాలి. నీళ్లను చెడగొట్టే మామూలు బాక్టీరియా అరగంటలో రెట్టింపు అవుతుంది, మన నైట్రిఫైయర్లు రెట్టింపు కావాలంటే మంచి పరిస్థితుల్లో కూడా సగం రోజు నుంచి ఒక రోజు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పడుతుంది. బాటిల్ లేకుండా మొదటి నుంచి ఫిల్టర్ తయారవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. బాటిల్‌లో సరుకు బతికి ఉంటే వారం, రెండు వారాలకు తగ్గవచ్చు. ఆ వారం రోజులు చేపను బతికించేది బాటిల్ కాదు, మీ బకెట్. అమోనియా 2 పీపీఎం ఉంటే సగం నీళ్లు మార్చగానే 1కి వస్తుంది, సాయంత్రం ఇంకో సగం మారిస్తే 0.5 దగ్గరికి. ఏ బాటిలూ ఒక్క రోజులో ఇంత గ్యారంటీగా ఈ పని చేయలేదు.

మన దగ్గర ఇంకో ఇబ్బంది ఉంది. చాలా ఇళ్లలో బోరు నీళ్లు గట్టివి, పీహెచ్ ఎక్కువ. టెస్ట్ కిట్ చూపించే అమోనియా అంతా ఒకేలా విషం కాదు, అందులో ఎంత భాగం విషంగా మారుతుందనేది పీహెచ్ మీద, వేడి మీద ఆధారపడుతుంది. పీహెచ్ 7 దగ్గర ఉండే విషం కంటే 8 దగ్గర దాదాపు పది రెట్లు ఎక్కువ ఉంటుంది. కాబట్టి ఎక్కడో మెత్తటి నీళ్లున్న ఊళ్లో కూర్చుని "1 పీపీఎం ఉన్నా పర్వాలేదు" అని వీడియోలో చెప్పేవాడి మాట మన ట్యాంకుకు పనికిరాదు.

కాజీపేటలో ఒక పెద్దాయన ఉన్నారు, రైల్వేలో చేసి రిటైర్ అయ్యారు. ఇంట్లో ఆయన, ఒక పెద్ద ఆస్కార్ చేప. ఆయన ముందు గదిలోకి రాగానే అది అద్దం దగ్గరికి వచ్చి నిలబడుతుంది. ఊరి నుంచి వచ్చిన బంధువుల పిల్లలు తాతకు సాయం చేద్దామని ఫిల్టర్ మొత్తం సబ్బుతో కడిగారు. నేను వెళ్లేసరికి చేప అడుగున ఒక మూలకు ఒరిగి ఉంది, మొప్పలు ఎర్రగా ఉన్నాయి, పక్కన టేబుల్ మీద రెండు ఖాళీ బాటిళ్లు. "లేబుల్ మీద మార్చొద్దని రాసిన్రు బిడ్డా, నేను మార్చి దాన్ని సంపుకుంటనా" అన్నారాయన, చేతులు వణుకుతున్నాయి. ఆయనను తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు. అంత ప్రేమగా లేబుల్ చదివి పాటించినవాడిది తప్పెలా అవుతుంది? ఆ రాత్రి సగం, పొద్దున సగం నీళ్లు మార్చాం, తిండి ఆపేశాం, నా దగ్గర చాలాకాలంగా నడుస్తున్న ట్యాంకులోంచి ఒక పాత స్పాంజీ తెచ్చి ఆయన ఫిల్టర్‌లో పెట్టాను. ఆస్కార్ బతికింది. ఆ లేబుల్ మాట అసలు ఆ బాటిల్ పోసిన మొదటి రోజుల గురించి, అమోనియా అదుపులో ఉండే ట్యాంకు గురించి చెప్పింది. చేప మొప్పలు ఆడిస్తూ పైకి తేలుతుంటే ఆ మాటను పక్కన పెట్టాలి.

ఒక్క సందర్భంలో మాత్రం జాగ్రత్త. నెలల తరబడి నీళ్లు మార్చని పాత ట్యాంకు అయితే ముందు పీహెచ్ చూడండి. బాక్టీరియా చేసే ఈ పని (నైట్రిఫికేషన్) నీళ్లలోని క్షారాన్ని తింటూ పోతుంది, పీహెచ్ 6 దగ్గరికి పడిపోతే బాక్టీరియా దాదాపు పని మానేస్తుంది, అమోనియా పేరుకున్నా విషం కాని రూపంలో ఉంటుంది. అక్కడ ఒక్కసారిగా సగం బోరు నీళ్లు పోస్తే పీహెచ్ లేచి ఆ అమోనియా అంతా విషమవుతుంది. అలాంటి ట్యాంకుకు పదో వంతు చొప్పున, గంటల తేడాతో మార్చాలి.

పాత స్పాంజీ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా, బాటిళ్లు అమ్మే నేనే చెబుతున్నా. బాగా నడుస్తున్న, జబ్బుల్లేని ట్యాంకు నుంచి తెచ్చిన మురికి స్పాంజీ ఏ బాటిల్ కన్నా మేలు, దానికి పైసా ఖర్చు లేదు. తడిగా, కవర్లో కాస్త గాలి ఉంచి, గంటా రెండు గంటల్లో తెచ్చి మీ ఫిల్టర్‌లో పెట్టండి. స్నేహితుడి దగ్గర అడగడానికి మొహమాటపడి చేపల్ని పోగొట్టుకునేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

అపోహ: ఏ బాక్టీరియా బాటిలైనా ఒకటే, ఎక్స్‌పైరీ చూసి కొంటే చాలు.

వాస్తవం: కాదు. కొన్ని బాటిళ్లలో ఉండే బాసిల్లస్ రకం బాక్టీరియా అడుగున చేరిన మురికిని, మిగిలిన తిండిని తింటుంది, గట్టి పెంకులా విత్తనం కట్టుకుని షెల్ఫ్ మీద చాలాకాలం ఉండగలదు. అమోనియాను నైట్రేట్ దాకా తీసుకెళ్లే నైట్రిఫైయర్లు అలా విత్తనం కట్టవు, బతికుంటేనే పనికొస్తాయి. ఎండలో ఉడికితే అయిపోయినట్టే. మే నెలలో వరంగల్‌లో 42, 43 డిగ్రీలు, రామగుండం వైపు ఇంకా ఎక్కువ, కొరియర్ గోదాములో రెండు రోజులు ఉన్న బాటిల్‌లో ఏం మిగులుతుందో ఆలోచించండి. వేసవిలో తెప్పించుకోవద్దు, చల్లగా దాచే షాపులో చేతిలోకి తీసుకోండి. లేబుల్ మీద నైట్రోబాక్టర్ అని పెద్దగా ఉంటే మురిసిపోవద్దు కూడా, 1998లో టిమ్ హోవానెక్ అనే పరిశోధకుడి బృందం మంచినీటి అక్వేరియంలలో నైట్రైట్‌ను తినేది నైట్రోబాక్టర్ కాదు, నైట్రోస్పిరా అని చూపించింది. అమోనియాను ఒక్కటే నేరుగా నైట్రేట్ దాకా తీసుకెళ్లే నైట్రోస్పిరా రకం కూడా ఉందని 2015లో తేలింది.

అపోహ: నీళ్లు పాలలాగా తెల్లబడితే బాక్టీరియా పని మొదలుపెట్టినట్టు.

వాస్తవం: అది తిండి మిగులు తిని నీళ్లలో పెరిగే వేరే బాక్టీరియా. మీ ఫిల్టర్‌కు దానితో సంబంధం లేదు, పైగా ఆక్సిజన్ లాగేస్తుంది. గాలి పంపు పెట్టండి.

అపోహ: కరెంటు పోయినా బాక్టీరియాకు ఏం కాదు.

వాస్తవం: డబ్బా లాంటి క్యానిస్టర్ ఫిల్టర్ ఆగితే లోపల ఆక్సిజన్ కొన్ని గంటల్లో అయిపోతుంది. రాత్రంతా ఆగి ఉంటే అలాగే ఆన్ చేయకండి, లోపలి కుళ్లు నీళ్లు చేపల మీదికి వస్తాయి. విప్పి, ట్యాంకు నీళ్లు తీసిన బకెట్‌లో మీడియా (స్పాంజీలు, రింగులు) ముంచి తీసి అప్పుడు పెట్టండి. స్పాంజీ ఎప్పుడు కడిగినా ఆ బకెట్‌లోనే, నల్లా కింద కాదు. మున్సిపల్ నీళ్లు వాడితే యాంటీ క్లోరిన్ వేయండి, లేదా ఒక రోజు గాలి పంపు పెట్టి ఉంచండి, బోరు నీళ్లకు ఆ బెడద లేదు.

అపోహ: మందు వేసినా బాటిల్ పోస్తే సరిపోతుంది.

వాస్తవం: మిథిలీన్ బ్లూ, కొన్ని యాంటీబయాటిక్‌లు నైట్రిఫైయర్లను దెబ్బతీస్తాయి. మందు ఉన్న నీళ్లలో బాటిల్ పోస్తే డబ్బులు పోసినట్టే. చేపను వేరే టబ్‌లోకి తీసి వైద్యం చేయండి.

ఉప్పు, జియోలైట్ గురించి రోజూ అడుగుతారు. జియోలైట్ అనే రాయి అమోనియాను పట్టుకుంటుంది, యాక్టివేటెడ్ కార్బన్ (ఫిల్టర్‌లో వేసే బొగ్గు) పట్టుకోదు. నైట్రైట్ పెరిగితే లీటరుకు 1 గ్రాము దొడ్డుప్పు వేయండి, ఉప్పులోని క్లోరైడ్ నైట్రైట్‌ను చేప రక్తంలోకి పోకుండా అడ్డుకుంటుంది. కానీ రెండూ కలిపి వాడొద్దు, ఉప్పు పడితే జియోలైట్ పట్టుకున్న అమోనియాను మళ్లీ వదిలేస్తుంది. పెద్ద చేపలకు రెండు మూడు రోజులు తిండి లేకపోయినా ఏమీ కాదు, ఆకలిగా చూస్తోందని జాలిపడి గింజలు వేయకండి.

నాకు ఫోన్ చేసేముందు నాలుగు విషయాలు రాసి పెట్టుకోండి: నీళ్లు మార్చకముందు తీసిన అమోనియా, నైట్రైట్, పీహెచ్, ట్యాంకు ఎన్ని లీటర్లు. మార్చిన తర్వాత కొలిస్తే ఎప్పుడూ మంచిగానే కనిపిస్తుంది. అమోనియా, నైట్రైట్ రెండూ నీళ్లు మార్చకుండానే వారం రోజులు సున్నా దగ్గర నిలిస్తే మీ ఫిల్టర్ మళ్లీ నిలబడినట్టు. అప్పుడు మామూలు తిండి మొదలుపెట్టండి, కొత్త చేపలు కావాలంటే ఒకటి రెండు తెచ్చుకోండి, పది తేవద్దు.