అన్నయ్య కొత్త ప్యాంటు ఎందుకు కత్తిరించారు?

చిన్నా, బుజ్జీ,

మొన్న ఫోన్లో చిన్నా అడిగిన ప్రశ్న ఇంకా నా చెవిలోనే ఉంది. "తాతయ్యా, అన్నయ్యది కొత్త సూటు కదా, ప్యాంటు కత్తిరించమని టైలరుకి ఇచ్చారేంటి? కొత్త బట్ట పాడైపోదా?" అప్పుడు అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు, నేను సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం.

సూటు ప్యాంట్లను చాలావరకు కావాలనే పొడవుగా, కింద అంచు కుట్టకుండా అమ్ముతారు. నడుము కొలత ఒకటే అయినా ఇద్దరి కాళ్లు ఒకే పొడవు ఉండవు కదా. అందుకని ఆ చివరి పని టైలరుకి వదిలేస్తారు.

మరి ఎక్కడిదాకా ఉంచాలి? మీరు తాటాకింటి చూరు ఎప్పుడైనా చూశారా? నా చిన్నప్పుడు మాది తాటాకిల్లే. తొలకరికి ముందు పాత ఆకు తీసి కొత్త ఆకు కప్పేవాళ్లు. చూరు పొట్టిగా ఉంటే వానజల్లు మట్టిగోడను కొట్టి కరిగించేసేది. మరీ కిందికి దిగితే ఇంట్లో చీకటి, వచ్చినవాళ్ల తలకి తగిలేది. ప్యాంటు అంచు కాలికి చూరు లాంటిది. సాక్సు గోడ, బూటు అరుగు. నిలబడినప్పుడు గోడ కనబడకూడదు. చూరు అరుగుని ముందువైపు మెల్లగా తాకాలి, తాకిన చోట బట్టలో ఒకే ఒక చిన్న మడత పడాలి. రెండు మూడు మడతలు పడ్డాయంటే పొడవు ఎక్కువైనట్టు. వెనకవైపు కొంచెం కిందికి దిగవచ్చు కానీ, బూటు మడమ కిందికి పోయి నేలకి రాసుకోకూడదు. మంచి టైలర్లు అందుకే అంచుని కాస్త ఏటవాలుగా, వెనక ఓ అర అంగుళం దిగేలా కుడతారు.

గాలి వీస్తే చూరు పైకి లేస్తుంది. కుర్చీలో కూర్చున్నప్పుడు ప్యాంటు కూడా అంతే, రెండు మూడు అంగుళాలు పైకి పోతుంది. అప్పుడు గోడ కనబడక తప్పదు. కనబడినా ఫరవాలేదు, కాలి చర్మం మాత్రం కనబడకూడదు. అందుకే సాక్సులు పిక్క దాకా ఉండేవి కొనమని అన్నయ్యకి చెప్పాను.

మా నాన్న ఆకంతా కప్పాక, కింద నిలబడి చూసుకుంటూ కత్తితో చివర్లు కోసేవాడు. నేల మీద కొలిచి కోసిన ఆకు పైకెక్కాక సరిపోదనేవాడు. ప్యాంటు కొలవడం కూడా ఒంటి మీద ఉన్నప్పుడే. అన్నయ్య ఇంటర్వ్యూకి ఏ బూట్లు వేసుకుంటాడో అవే వేసుకోవాలి. చెప్పులతో వెళ్లి కొలిపించుకుంటే, తీరా ఆ రోజు బూటు మడమ ఎత్తుకి ప్యాంటు పొట్టిదైపోతుంది. బెల్టు రోజూ పెట్టుకునే చోటే పెట్టుకోవాలి. తల వంచి కాళ్లకేసి చూడకూడదు, వంగితే అంచు కదిలిపోతుంది. ఎదురుగా గోడకేసి చూస్తూ నిలబడాలి. రెండు కాళ్లూ విడివిడిగా కొలవమని అడగాలి, చాలామందికి ఓ రవ్వ తేడా ఉంటుంది.

ఇప్పుడు చీలమండ కనబడే ప్యాంట్లు వచ్చాయి. అవి కుర్రాళ్లకి బాగానే ఉంటాయి, నేను కాదనను. కానీ అన్నయ్య వెళ్తున్నది బ్యాంకు ఆఫీసరు ఇంటర్వ్యూకి. దానికి 100 మార్కులు. ప్యాంటుకంటూ అందులో ఒక్క మార్కు కూడా లేదు. కానీ జనం డబ్బుని ఈ అబ్బాయి చేతిలో పెట్టవచ్చా లేదా అని చూసే పెద్దవాళ్లు ఎదురుగా కూర్చుంటారు. వాళ్ల చూపు బట్ట దగ్గర ఆగకుండా నేరుగా వాడి మాట మీదికి వెళ్లాలి.

నా మొదటి ఇంటర్వ్యూ 1976లో. అప్పుడు బెల్‌బాటమ్‌ల కాలం, బూటు మొత్తం మూసుకుపోయేంత పొడవు ఉండేవి. ఇంటర్వ్యూకి తగ్గ సొంత ప్యాంటు నాకు లేక మా పెదనాన్న కొడుకుది అడిగి తీసుకున్నాను. అది నాకు పొడవు ఎక్కువ. లోపలికి మడిచి పిన్నీసులు పెట్టాను. మెట్లెక్కుతుంటే ఒక పిన్నీసు ఊడిపోయింది. మీ ఊళ్లో ఏం పండిస్తారని లోపల ఒక పెద్దాయన అడిగాడు. పుట్టినప్పటి నుంచీ పొలంలో తిరిగినవాణ్ణి, ఆ ఒక్క మాట చెప్పడానికి తడుముకున్నాను. మనసంతా కాళ్ల దగ్గరే ఉండిపోయింది. ఆ ఉద్యోగం రాలేదు. అందుకే అన్నయ్య ప్యాంటు గురించి ఇన్ని సార్లు ఫోన్ చేస్తున్నాను.

చిన్నా, నీ ప్రశ్నకి అసలు జవాబు ఇంకా చెప్పలేదు. బట్ట పాడవదు, ఎందుకంటే మంచి టైలరు అంతా కోసెయ్యడు. రెండు అంగుళాలైనా లోపలికి మడిచి దాస్తాడు. మా అమ్మ అయితే నాలుగు అంగుళాలు ఉంచమనేది. "ఎదిగే పిల్లాడు, మడత ఎక్కువ పెట్టు నాయనా" అని టైలరుకి చెప్పేది. ఏడాదికోసారి కుట్టు విప్పి కొంచెం కిందికి దించేది. పాత మడత ఉన్నచోట ఒక గీత మిగిలిపోయేది, ఎంత ఉతికినా పోయేది కాదు. ఒక ప్యాంటు మీద మూడు గీతలు ఉండేవి. ఏ గీత ఏ తరగతిదో నాకు తెలుసు.

ఆదివారం అన్నయ్య ఆ ప్యాంటు, బూట్లు వేసుకుని హాల్లో నడిచి చూపిస్తాడు, నేను వాడికి చెప్పాను. చిన్నా, నువ్వు ముందువైపు నేల మీద బోర్లా పడుకుని చూడు. బుజ్జీ, వెనకవైపు నీది. అడుగు లేవగానే బూటు మీది మడత విప్పుకుంటుంది. కాలు ఆనగానే మళ్లీ వచ్చి సరిగ్గా అక్కడే కూర్చుంటుంది. ప్రతి అడుగుకీ అంతే. చూశాక నాకు ఫోన్ చేయండి, వెనక అంచు నేలకి తగులుతోందో లేదో బుజ్జి చెప్పాలి.

మీ
తాతయ్య