పక్క చేనులో రిగ్గు దిగితే

అనంతపురం వైపు వేసవిలో ఒక చేనులో బోరు తవ్వే రిగ్గు లారీ దిగి తెల్లటి రాతిదుమ్ము లేచిందంటే పక్క చేను రైతుకు నిద్ర పట్టదు. తన బోరులో ఇంకా రెండంగుళాల నీళ్లు వస్తూనే ఉంటాయి. అయినా దాన్ని ఇంకా లోతుకు దించడానికి వారం తిరక్కుండానే అప్పు కోసం బయల్దేరతాడు. దీన్ని అత్యాశ అనేవాళ్లున్నారు. ఆ మాట చాలా అన్యాయం.

ఆయన వేసుకునే లెక్క చూడండి. ఇద్దరి బోర్లకూ నీళ్లు వచ్చేది ఒకే రాతి పగుళ్లలోంచి. ఇద్దరూ ఉన్న లోతుతో సరిపెట్టుకుంటే రెండు చీనీ (బత్తాయి) తోటలూ బతుకుతాయి. పక్కాయన లోతుకు దించి నేను ఆగితే ఎండేది నా తోట. ఆయన ఆగి నేను దించితే నీళ్లు నావి. అంటే ఆయన ఏం చేసినా నాకు దించడమే మేలు. ఆయన లెక్కా అదే. చివరికి ఇద్దరం దించుతాం. నీళ్లు అవే, వాటాలు పాతవే, నెత్తిన మాత్రం చెరొక అప్పు. పోనీ ఒక్కరే వెనక్కి తగ్గితే? నష్టం ఆ ఒక్కరికే. ఇలా ఎవరికీ ఒంటరిగా నిర్ణయం మార్చుకునే లాభం లేని స్థితినే నాష్ సమతాస్థితి అంటారు. దాన్ని 1950లో గణితంలో నిలబెట్టిన జాన్ నాష్‌కు 1994లో నోబెల్ దక్కింది.

2004లో వచ్చిన ఉచిత కరెంటు మెట్ట రైతుకు పెద్ద ఊరటే. కానీ మోటారు ఇంకో గంట ఆడించాలా వద్దా అని ఆలోచించే పని కూడా దాంతో పోయింది.

2009లో ఆర్థికశాస్త్ర నోబెల్ అందుకున్న తొలి మహిళ ఎలినార్ ఆస్ట్రామ్. ఉమ్మడి కాలువలను, అడవులను జనం తామే నియమాలు పెట్టుకుని, ఒకరిపై ఒకరు కన్నేసి కాపాడుకోగలరని ఆమె చూపించారు. చెరువైతే ఎవరు తూము ఎత్తారో ఊరంతా చూస్తుంది. బోరు సంగతి ఎవరికి కనిపిస్తుంది? అందుకే అనంతపురం, కర్నూలు, కడప సహా 7 జిల్లాల్లో జరిగిన రైతుల భూగర్భ జల యాజమాన్య పథకం నాకు అపురూపంగా అనిపిస్తుంది. అందులో రైతులే వాననూ, బోర్లలో నీటిమట్టాన్నీ కొలిచారు. రబీకి ముందు కూర్చుని, భూమిలో ఉన్న నీరెంత, వేయాలనుకున్న పంటలు తాగేదెంత అని లెక్క కట్టారు. నిషేధాలు లేవు, ఎవరి పంట వాళ్ల ఇష్టం.

ఆంధ్రలోని రాతినేలల పల్లెల్లో పరిశోధకులు రైతుల చేత పంటల ఎంపిక ఆట ఆడించి, 2016లో ఫలితాలు ప్రచురించారు. ఏ పంటకు నీటిమట్టం ఎంత దిగుతుందో కళ్లకు కట్టినప్పుడు రైతులు సహకారానికి సిద్ధపడ్డారు. ఊరి మీద నమ్మకం ఎక్కువున్నవాళ్లు మరింత కలిసివచ్చారు.

అయితే ఈ లెక్క వేరుశనగ, వరి లాంటి పంటలకు సులువు. అవి ఏటా మార్చుకోవచ్చు. చీనీ చెట్టును ఒక వేసవి ఎండబెడితే ఏళ్ల పెట్టుబడి పోతుంది. కాబట్టి తోటలున్న ఊళ్లో ఈ మాటామంతీ మొక్క నాటకముందే జరగాలి.