ధర్మాస్పత్రిలో చేరాలన్నా డిపోర్టేషన్ భయమే

అమెరికా వలస చట్టాల్లో క్షయ పేరెత్తి మరీ అడ్డం పెట్టింది 1907 చట్టం. బయల్దేరే రేవులోనే పసిగట్టగలిగిన క్షయ రోగిని ఎక్కించుకొస్తే ఓడ కంపెనీకి తలకు 100 డాలర్ల జరిమానా. వలస వచ్చినవాళ్లను తనిఖీ చేసే న్యూయార్క్ రేవులోని ఎలిస్ దీవిలో డాక్టర్లు జనం మెట్లెక్కుతుంటే ఎవరు ఆయాసపడుతున్నారో కనిపెట్టి, అనుమానం ఉన్నవాళ్ల కోటు మీద సుద్దముక్కతో గుర్తు వేసేవారు.

రష్యా నుంచి వచ్చిన యూదులకు అసలు గండం రేవు దాటాక మొదలయ్యేది. దిగిన మూడేళ్లలోపు సర్కారు ఖర్చు మీద ఆధారపడి, అందుకు కారణం దిగకముందే ఉందని తేలితే దేశం నుంచి తిప్పి పంపొచ్చు (డిపోర్టేషన్). 1917లో ఆ గడువును ఐదేళ్లు చేశారు. కారణం అమెరికాలోనే పుట్టిందని నిరూపించుకునే భారం కూడా రోగి నెత్తినే పడింది. ఇంత అన్యాయమైన షరతు మరొకటి లేదు. క్షయ క్రిమి ఏళ్ల తరబడి ఒంట్లో అణగి ఉండి, తిండి తగ్గి చాకిరీ పెరిగినప్పుడు పైకి వస్తుంది. కఫం పరీక్షిస్తే జబ్బు ఉందని తెలుస్తుంది గానీ ఎప్పుడు అంటిందో తెలియదు. న్యూయార్క్ ఇరుకు గదుల్లో బట్టలు కుట్టి కుట్టి దగ్గు తెచ్చుకున్నవాడు ఏం చూపించి నిరూపించుకోగలడు?

గడువు తీరేదాకా దగ్గు దాచుకుంటే జబ్బు ముదురుతుంది. ముదిరితే కొలరాడో రాష్ట్రం డెన్వర్‌లో క్షయ రోగుల కోసం పెట్టిన నేషనల్ జ్యూయిష్ ఆస్పత్రిలో చోటు దొరికేది కాదు. ఆ భవనం 1893లోనే పూర్తయినా ఆ ఏటి ఆర్థిక సంక్షోభంలో నిధుల్లేక 1899 డిసెంబరు దాకా తెరుచుకోలేదు. అప్పట్లో వైద్యం పూర్తిగా ఉచితమే, కానీ తొలిదశ రోగులకే, అదీ మొదట్లో ఆరు నెలలకే.

ఆ లోటు చూసే 1904లో డాక్టర్ చార్లెస్ స్పివాక్, తూర్పు యూరప్ వలస కార్మికులు కలిసి డెన్వర్ శివార్లలో జ్యూయిష్ కన్సంప్టివ్స్ (క్షయ రోగుల) రిలీఫ్ సొసైటీ పెట్టారు. ఏ దశలో ఉన్నవాళ్లనైనా చేర్చుకున్నారు. మొదట్లో గుడారాల్లో పడకలు వేశారు. మందులేని ఆ రోజుల్లో వైద్యమంటే విశ్రాంతి, చల్లగాలి, పాలు, గుడ్లు. వంట యూదుల ఆచారం ప్రకారమే చేసేవారు. తమ నియమం తప్పని తిండి దొరకడం ఆ రోగులకు మందుతో సమానం.

చందాలతో నడిచే మంచం కాబట్టి ఖర్చు ఖజానా మీద పడేది కాదు. అలాగని అభయం దొరికినట్టూ కాదు: సర్కారీ, ప్రైవేటు ధర్మసంస్థలన్నిటిలోనూ ఎందరు విదేశీయులున్నారో వివరాలు సేకరించడానికి అధికారులను పంపే వీలు 1907 చట్టంలోనే ఉంది.