యానిమేషన్ పాఠాలు, గంటల లెక్కలు: కొన్ని అపోహలు, వాస్తవాలు

విశాఖలో ఒక విశ్వవిద్యాలయపు లలితకళల విభాగంలో వారానికి రెండు రోజులు యానిమేషన్ చెబుతాను. మిగతా రోజులు ఇంట్లో కూర్చుని ప్రకటనలకూ పాఠ్య వీడియోలకూ బొమ్మలు కదిలించడం నా వృత్తి. నన్ను మాస్టారని పిలిచేవాళ్లున్నారు, ‘ఆ కార్టూన్లాయన’ అనేవాళ్లూ ఉన్నారు. ప్రవేశాల రోజుల్లో వరండాలో తల్లిదండ్రులు అడిగినవి, తోటి అధ్యాపకులు అన్నవి, ఒకప్పుడు నేనే నమ్మినవి కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: మొదటి బొమ్మ, చివరి బొమ్మ ఇస్తే చాలు, మధ్యవన్నీ కంప్యూటరే గీసేస్తుంది.

వాస్తవం: గీస్తుంది. ఎలా గీస్తుందన్న దగ్గరే పేచీ. బంతి కింద పడటం మా తొలి అభ్యాసం. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు, అంటే వరసగా చూపే 24 నిశ్చల చిత్రాలు. చేత్తో వేసేటప్పుడు ఒక్కో బొమ్మను సాధారణంగా రెండు ఫ్రేముల పాటు ఉంచుతాం కాబట్టి సెకనుకు 12 బొమ్మలు సరిపోతాయి. నాలుగు అడుగుల ఎత్తు నుంచి వదిలిన బంతి నేలను తాకడానికి దాదాపు అర సెకను పడుతుంది, అంటే ఆరు అంగల్లో దిగాలి. ఆ నాలుగు అడుగులనూ ఆరు సమాన భాగాలు చేసి గీశారా, ఆ బంతి పడదు, లిఫ్టులో దిగుతుంది. ఎత్తును 36 భాగాలు చేసుకోవాలి. మొదటి అంగ 1 భాగం, తర్వాత 3, 5, 7, 9, చివరికి 11. ఈ బేసి సంఖ్యల వరుసను కనిపెట్టింది గెలీలియో. ఇంటర్‌లో భౌతికశాస్త్రాన్ని వదిలించుకుని హాయిగా బొమ్మలేసుకుందామని వచ్చిన పిల్లలు ఆ రోజు నన్ను చూసే చూపు మరిచిపోలేను.

సాఫ్ట్‌వేర్‌లో ఈ వరుసను ఒక వంపు గీతగా సరిచేసుకోవచ్చు. ఎంత వంచాలన్నది మాత్రం మన కంటికి తెలియాలి. బంతి అయ్యాక బస్తా, బస్తా అయ్యాక మనిషి. మనిషి దగ్గరికి వచ్చేసరికి సూత్రాలు చాలవు, చూడాలి. అందుకే సెమిస్టరు రెండో నెలలో ఒక ఉదయం అందరినీ పెదజాలరిపేట వైపు బీచ్‌కి తీసుకెళ్లి, ఒడ్డున నిలబడి వల లాగేవాళ్లను గీయమంటాను. దాదాపు అందరూ చేతులతో మొదలుపెడతారు. లాగడం చేతుల్లో మొదలుకాదు. ముందు మడమ ఇసుకలో దిగబడుతుంది, నడుము వెనక్కి వాలుతుంది, తాడు బిగుసుకుంటుంది. ఇంత జరిగితేగాని వల జానెడు కదలదు. ఈ వరుస తప్పితే మనిషి గాలిపటం దారం లాగుతున్నట్టు ఉంటుంది. ఒక ఏడాది, క్లాసులో అంతంత మాత్రం గీతలున్న ఒక అమ్మాయి మొదటి ప్రయత్నంలోనే ఆ మడమను పట్టుకుంది. ఎలా తెలిసిందమ్మా అని అడిగితే, “మా నాన్న చేసే పని అదే కదా మాస్టారూ” అంది.

అపోహ: బొమ్మలు అద్భుతంగా వేసేవాళ్లకే ఈ విద్య అబ్బుతుంది.

వాస్తవం: బాగా వేసేవాళ్లకు ఒక చిక్కుంది. వేసిన ప్రతి బొమ్మ మీదా వాళ్లకు మమకారం. ఇక్కడ ఒక్కో బొమ్మ తెరమీద ఉండేది సెకనులో పన్నెండో వంతు. అంత మాత్రానికి కనురెప్పల వెంట్రుకలు దిద్దుతూ కూర్చునే వాడి మనిషి ప్రతి బొమ్మలోనూ ఫొటోకు నిలబడ్డట్టే ఉంటాడు, అడుగు వేయడు. అలాగని శరీర నిర్మాణం నేర్చుకోనక్కర్లేదని కాదు. మోకాలు ఎక్కడ మడుచుకుంటుందో తెలియనివాడు నడక గీయలేడు. గీత అందంగా లేకపోయినా పని నడుస్తుంది, మోకాలు తప్పితే మాత్రం నడవదు.

అపోహ: లక్ష రూపాయల ల్యాప్‌టాప్ లేకపోతే ఈ కోర్సు దండగ.

వాస్తవం: ఏ కంప్యూటర్ కొనమంటారని వరండాలో అడిగిన ప్రతి తండ్రికీ నేను చెప్పేది ఒక్కటే. మొదటి ఏడాది ఏదీ కొనకండి. పిల్లవాడికి అంచులు కుట్టిన పాకెట్ నోటు పుస్తకాలు డజను, మంచి పెన్సిళ్లు కొనివ్వండి. పేజీలను బొటనవేలితో జారవిడిస్తే కదిలే బొమ్మ వచ్చేస్తుంది. తర్వాత కావలసిన బ్లెండర్, క్రిటా, ఓపెన్‌టూన్జ్ అనే సాఫ్ట్‌వేర్లు ఉచితంగానే దొరుకుతాయి. 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ అందుకున్న లాత్వియా సినిమా ‘ఫ్లో’ను బ్లెండర్‌తోనే తీశారు. మూడో ఏడాది త్రీడీ మొదలయ్యాక మంచి గ్రాఫిక్స్ కార్డు అవసరమే, కాదనను. లేకపోతే ఒక్కో ఫ్రేము తయారయ్యేలోపు టీ తాగి రావచ్చు.

మా ఊళ్లో ఖరీదైన శత్రువు వేరే ఉంది, తేమ. కింది బొమ్మ కనిపించేలా అడుగున దీపం ఉన్న లైట్ బాక్స్ మీద, కాగితాలు జరక్కుండా పట్టే మేకుల పట్టీకి (పెగ్ బార్) వాటిని తగిలించి గీస్తాం. సముద్రపు గాలికి కాగితం మెత్తబడి, గుచ్చిన రంధ్రాలు సాగి, బొమ్మ తెరమీద వణకడం మొదలుపెడుతుంది. కిటికీ పక్క బల్ల కోసం పోటీపడే కొత్త పిల్లలకు ఈ సంగతి రెండో వారానికి తెలిసివస్తుంది.

అపోహ: ఇది పూర్తిగా బయటి నుంచి వచ్చిన విద్య.

వాస్తవం: తోలుబొమ్మను ఎప్పుడైనా చేతిలోకి తీసుకుని చూశారా? చేతులు, కాళ్లు విడివిడిగా కత్తిరించి, కీళ్ల దగ్గర దారంతో ముడివేస్తారు. కర్ర ఆడిస్తే భుజం తిరుగుతుంది, దాని వెంట మోచేయి, ఆ వెనక అరచెయ్యి. కంప్యూటర్ బొమ్మకు ఎముకలు అమర్చడాన్ని మేం రిగ్గింగ్ అంటాం. ఆ పాఠం నేను తోలుబొమ్మలకు పేరుపడ్డ నిమ్మలకుంట ఊరి బొమ్మతోనే మొదలుపెడతాను. జర్మనీలో లోటే రైనిగర్ నల్ల కాగితాన్ని ఇలాగే కీళ్లతో కత్తిరించి 1926లో ఒక పూర్తి నిడివి సినిమా తీశారు. అంతమాత్రాన యానిమేషన్ మనమే కనిపెట్టామని చంకలు గుద్దుకోనక్కర్లేదు. ఫ్రేము ఫ్రేముగా చిత్రీకరించే పద్ధతి బయటిదే. బొంబాయిలో ప్రభుత్వ చిత్రనిర్మాణ సంస్థ ఫిల్మ్స్ డివిజన్ వాళ్లకు డిస్నీలో పనిచేసిన క్లెయిర్ వీక్స్ 1956లో వచ్చి శిక్షణ ఇచ్చారు. అలా నేర్చుకున్నవారిలో, తర్వాత భారతీయ యానిమేషన్ పితామహుడిగా పేరొందిన రామ్‌మోహన్ ఒకరు. సొంత పని పక్కనపెట్టి వచ్చి పాఠం చెప్పి వెళ్లిన వీక్స్ కూడా ఒక రకంగా నాలాగే గెస్ట్ ఫ్యాకల్టీయే, అంటే పీరియడ్ల లెక్కన వచ్చి చెప్పే అధ్యాపకుడే అని నేను సరదాగా అనుకుంటూ ఉంటాను.

అపోహ: పార్ట్‌టైమ్ అంటే తీరిక వేళల్లో చేసే పని, గంట చెప్పి వెళ్లిపోవడమే.

వాస్తవం: లెక్క వేద్దాం. నా క్లాసులో 24 మంది అనుకోండి. ఒక్కొక్కరూ పది సెకన్ల నడక ఇస్తే, మనిషికి 120 చొప్పున 2,880 బొమ్మలు. పరుగు పరుగున చూస్తే తప్పు ఎక్కడుందో దొరకదు. వెనక్కీ ముందుకీ జరుపుతూ, ఏ బొమ్మ దగ్గర బరువు మారాలో, ఎక్కడ మారలేదో ఒక్కొక్కరికీ రాసివ్వాలి. అది రెండు రాత్రుల పని. బిల్లులో చోటున్నది మాత్రం హాజరు తీసుకున్న పీరియడ్లకే. గెస్ట్ ఫ్యాకల్టీకి పీరియడ్‌కు 1,500 రూపాయలు, నెలకు 50,000 మించకుండా ఇవ్వాలని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2019లో చెప్పింది. కాగితం మీది అంకె ప్రతిచోటా చేతికి రాదు, వచ్చినా నెలనెలా రాదు. వేసవిలో క్లాసుల్లేవు కనుక డబ్బూ లేదు. నాకు గది కూడా లేదు. స్టూడియో మూల ఒక స్టూలు ఉంది, దాని మీదే కూర్చుని పిల్లల పని చూస్తాను. ఫిర్యాదుగా చెప్పడం లేదని అంటే అబద్ధమవుతుంది. అయినా ఎందుకు వెళ్తున్నావంటే, ఇంట్లో ఒంటరిగా పనిచేసేవాడికి 24 జతల కొత్త కళ్లు దొరకడం చిన్న జీతం కాదు. ఈ మాట బిల్లులు చూసే గుమాస్తా గారికి మాత్రం చెప్పకండి.

అపోహ: డిగ్రీ చేతికి రాగానే హైదరాబాద్ స్టూడియోలో పాత్రలను కదిలించే ఉద్యోగం.

వాస్తవం: స్టూడియో వాళ్లు పట్టా కంటే ముందు షోరీల్, అంటే మన పనిలోని మంచి ముక్కలు కూర్చిన వీడియో అడుగుతారు. నిమిషం చాలు, మంచి ముక్క మొదట్లోనే పెట్టాలి. చాలామందికి తొలి ఉద్యోగం సినిమా దృశ్యాల్లో మనుషుల అంచులను ఫ్రేము ఫ్రేముగా గీసి వేరుచేసే రోటో పని. విసుగు పుట్టిస్తుంది, కానీ కన్ను బాగా పదునెక్కుతుంది. ఇక, ఏఐ వచ్చాక ఇదంతా ఎందుకని అడిగేవాళ్లు పైన చెప్పిన మడమ సంగతి మరోసారి చదవగలరు.

అపోహ: బయట పనిచేసే కళాకారుడు పాఠం దానంతటదే బాగా చెబుతాడు.

ఇది నా గురించి నేనే పెంచుకున్న అపోహ. మొదటి సెమిస్టరులో పిల్లల వెనక నిలబడి, తప్పు కనిపించగానే “ఇలా ఇవ్వు” అని స్టైలస్ (తెరమీద గీసే పెన్ను) తీసుకుని సరిచేసేవాణ్ని. మూడు గీతల్లో బొమ్మ లేచి నిలబడేది. వాళ్లు అబ్బో అనేవారు, నాకూ ముచ్చటగా ఉండేది. సెమిస్టరు చివర పనులన్నీ వరసగా పెట్టి చూస్తే, 24 మందివీ ఒకే చేతి నడకలు. ఆ చెయ్యి నాదే.

ఇప్పుడు స్టైలస్ ముట్టుకోను. బొమ్మ ఎక్కడ ఆగిపోతే అక్కడ లేచి ఆ కదలిక చేసి చూపించమంటాను. బకెట్ ఎత్తు, మెట్లు దిగు, అలిగి కూర్చో. వాళ్ల శరీరం చేసిన పనిని వాళ్లే ఫోనులో తీసుకుని, ఏ ఫ్రేములో బరువు ఏ కాలి మీద ఉందో లెక్కపెట్టుకుంటారు. మొన్న వరండాలో ఎనిమిది మంది కనిపించని బస్తాలు మోస్తుంటే కొత్తగా చేరిన వాచ్‌మన్ కాసేపు నిలబడి చూశాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి, “మాస్టారూ, నాటకం ఎప్పుడండీ?” అని అడిగాడు.